నలభై అడుగుల దూరం నుంచి బాలప్ప

"ఇది ఎప్పుడు పూర్తయితది?"

జగన్నాథరావు ఈ మాట అడిగేసరికి బొమ్మ గోడకెక్కి పది నిమిషాలు కూడా కాలేదు. 1996 ఆగస్టు. అశోక్‌నగర్ చౌరస్తాకు నాలుగు దుకాణాల ఇవతల ఆయన కొత్తగా తెరవబోతున్న టిఫిన్ హోటలు. బల్లలు ఇంకా రాలేదు. ఫ్యాన్లకు రెక్కలు బిగించలేదు. పన్నెండడుగుల పొడుగు, ఆరడుగుల ఎత్తు ఉన్న ఆ బొమ్మ ఒక్కటే సిద్ధంగా ఉంది. సిద్ధంగా ఉందని దాన్ని వేసిన బాలప్ప అనుకుంటున్నాడు.

"అయింది సార్."

"ఏమైంది?"

"బొమ్మ అయింది."

జగన్నాథరావు కళ్లద్దాలు సర్దుకొని ఇంకో అడుగు ముందుకు వేశాడు. మనిషన్నవాడు ఏదైనా సరిగ్గా కనబడకపోతే దగ్గరికి పోతాడు. బాలప్ప బొమ్మల విషయంలో అంతకన్నా పెద్ద పొరపాటు లేదు. దగ్గరికి పోయిన జగన్నాథరావుకు జానెడు వెడల్పున ఊదారంగు కనిపించింది. దాని పక్కన నారింజ రంగు, మధ్యలో ఎవరో చెయ్యి తుడుచుకుపోయినట్టు పసుపు. చెట్టు ఉండవలసిన చోట ఆకుపచ్చ, నీలం, అక్కడక్కడ గులాబి మచ్చలు.

"చెట్టా ఇది?"

"చింతచెట్టు సార్."

"ఆకులేవి మరి?"

"ఉన్నయి."

"యాడున్నయి? ఒక్కటి చూపెట్టు."

బాలప్ప చూపించలేకపోయాడు. ఆ చెట్టులో విడిగా ఒక్క ఆకు కూడా లేదు. చెట్టు మాత్రం ఉంది. ఈ తేడాను నాలుగు మాటల్లో చెప్పగలిగితే అతను ఏ కాలేజీలోనో పాఠాలు చెప్పుకుంటూ నెలనెలా జీతం తీసుకునేవాడు.

"చూడు బాలప్ప," అన్నాడు జగన్నాథరావు, కోపం లేకుండానే. "ఆరు వేలకు మాట్లాడుకున్నం. రెండు వేలు ఇచ్చిన. మిగిలిన నాలుగు వేలు ఆకులొచ్చినంక తీస్కపో. పునాస పంట అనుకో, కోతకొచ్చినంకనే పైసలు."

పేద కళాకారుడి గురించి రాసేటప్పుడు మనవాళ్లకు కొన్ని సరుకులు ఉచితంగా దొరుకుతాయి: ఆకలి, కన్నీళ్లు, లోకం పట్ల మహత్తరమైన నిర్లక్ష్యం. బాలప్ప దగ్గర వీటిలో ఏదీ లేదు. రెండు పూటలా కడుపునిండా తినేవాడు. పైసలంటే ఇష్టం. లోకాన్ని నిర్లక్ష్యం చెయ్యడం అటుంచి, లోకం ఎక్కడ నిలబడి చూస్తుందో అడుగులతో సహా కొలిచేవాడు. అతని గొప్పతనమంతా ఆ కొలతలోనే ఉంది.

బాలప్పది పాలమూరు జిల్లా మక్తల్ దగ్గర చిన్న ఊరు. ఏనుగులంత రాతిగుండ్లు, వాటి సందుల్లో జొన్నచేలు. పద్నాలుగో ఏట మేనమామ వెంట హైదరాబాదుకు కూలికొచ్చాడు. చిక్కడపల్లి దాటితే వచ్చే చౌరస్తా చుట్టూ సినిమా హాళ్లు లేస్తున్న కాలం. అతను ఇటుకలు మోసిన హాలు కట్టడం పూర్తయింది, మేనమామ ఇంకో పనికి మళ్లాడు, బాలప్ప మళ్లలేదు. హాలు ముఖాన ఆ రోజు కట్టిన బ్యానరు మీద హీరోయిన్ మొహం ఉంది, ఇరవై అడుగుల మొహం. రోడ్డు అవతలి నుంచి చూస్తే సిగ్గుపడుతోంది. నిచ్చెన పట్టుకోమంటే దగ్గరికి పోయి చూశాడు. చెంప మీద అరచేతంత ఆకుపచ్చ రంగు పూసి ఉంది. సిగ్గు ఎక్కడా లేదు. మళ్లీ రోడ్డు దాటి అవతలికి పోయాడు. సిగ్గు వచ్చేసింది. ఇలా నాలుగుసార్లు రోడ్డు దాటాక, ఆ బ్యానరు రాసిన జహంగీర్ ఉస్తాద్ పిలిచి బ్రష్షులు కడిగే పని ఇచ్చాడు.

ఆ వృత్తిలో బొమ్మను వెయ్యరు, రాస్తారు. ఉస్తాద్ దగ్గర బ్యానరు రాయడం నేర్చుకోవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. గళ్లు గీయడం, పొడి రంగుల్ని లిన్సీడ్ నూనెలో కలపడం, చీపురంత బ్రష్షును మణికట్టుతో కాకుండా భుజంతో తిప్పడం, ఇవన్నీ ఎవరైనా నేర్చుకుంటారు. ఉస్తాద్ మొదటి రోజు చెప్పిన మాట మాత్రం బాలప్పకే పట్టింది. కొత్త బ్యానరు పని రాగానే ఎంత పెద్దదని అడగకూడదు. "దేఖ్‌నేవాలా కహా ఖడా హై, పైలే ఓ పూఛ్," అనేవాడు ఉస్తాద్. చూసేవాడు ఎక్కడ నిలబడతాడు, ముందు అది అడుగు. బస్సులో పోయేవాడా, టికెట్ల లైనులో ఉన్నవాడా, రోడ్డు అవతల చాయ్ తాగుతున్నవాడా? ఆ దూరాన్ని బట్టి గీత మందం, దాన్ని బట్టి రంగు. చూసేవాడి కన్ను సగం పని చేస్తుంది; ఆ సగాన్ని దానికి వదిలిపెట్టనివాడు పెయింటర్ కాడు, వట్టి సున్నం కొట్టేవాడు అని ఉస్తాద్ లెక్క.

ఉస్తాద్ పోయాక ఆ పని బాలప్ప చేతికొచ్చింది. చిక్కడపల్లిలో ఒక సినిమా హాలు వెనక పొడవాటి రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నాడు. భార్య కిష్టమ్మ కుట్టుమిషను కూడా అందులోనే. ముతకగుడ్డ పట్టీల్ని ఒకదానికొకటి కలిపి బ్యానరు వెడల్పుకు ఆమె కుట్టి ఇస్తే, దాని మీద అతను రాసేవాడు. సినిమా వెళ్లిపోగానే అదే గుడ్డకు తెల్ల రంగు కొట్టి ఇంకో సినిమా. అతను రాసిన వేల మొహాల్లో ఒక్కటీ మిగల్లేదు. దీని గురించి అతను ఎప్పుడూ విచారపడినట్టు లేదు. "ఉంచుకుంటే పెట్టేటందుకు జాగేది?" అనేవాడు.

ఉంచుకున్నవి వేరే. ఆదివారం ఆదివారం మొదటి బస్సుకు పట్నం చివరికి పోయేవాడు. చేతిలో నాలుగు రంగు డబ్బాలు, ప్లైవుడ్ ముక్కకు కొట్టిన గుడ్డ. గుండ్ల మధ్య కూర్చుని పొద్దుటెండ రాయి మీద నుంచి జారేలోపు బొమ్మ ముగించేవాడు. నీడ మారగానే మూట కట్టేయడమే. మళ్లీ ముట్టుకునేది లేదు. దారిన పోయేవాళ్లు ఆగి, "అన్నా, ఈడ ప్లాట్లు పడ్తున్నయా? గజం ఎంత చెప్తున్నరు?" అని అడిగేవాళ్లు. బాలప్ప ఏదో ఒక రేటు చెప్పి పంపేవాడు. చెప్పకపోతే కదిలేవాళ్లు కాదు.

ఆ బొమ్మల్లో గుండ్లు గులాబిరంగులో ఉంటాయి. దానికి కారణం అడిగితే పండితులు చాలా చెప్పగలరు. అసలు కారణం ఏమిటంటే, ఆ వారం ఏ సినిమా రాశాడో దాని మిగులు రంగులే ఆదివారం డబ్బాల్లోకి వచ్చేవి. ప్రేమ సినిమా అయితే గులాబి. కొట్లాట సినిమా అయితే ఎరుపు. దేవుడి సినిమా వచ్చిన వారం నీలం దండిగా మిగిలేది, ఆ వారం నీడలు బాగా కుదిరేవి. రంగు మారినా ఎండ మారేది కాదు. పొద్దున ఏడుకు పడే ఎండ ఏడుకు పడినట్టే, తొమ్మిదికి పడేది తొమ్మిదికి పడినట్టే ఉండేది, దాన్ని గులాబితో రాసినా ఎరుపుతో రాసినా. హైదరాబాదులో కళాశాలల్లో చదివి, మంచి రంగులు కొని, ఈ పని చెయ్యలేకపోయినవాళ్ల పేర్లు చెప్పడం మొదలుపెడితే ఈ వ్యాసం దారి తప్పుతుంది.

1994లో కరుణాకర్ అనే లెక్చరరు ఆ షెడ్డుకు వచ్చాడు. చిత్రకళ చెప్పే మనిషి, స్కూటరు నంబర్ ప్లేటు రాయించుకోవడానికి వచ్చి, దండెం మీద ఆరేసిన ఆదివారం బొమ్మల గుడ్డల్ని చూసి అక్కడే నిలబడిపోయాడు.

"అన్నా, ఇట్ల వేసుడు ఎవరు నేర్పిన్రు నీకు?"

"ఎవరు నేర్పుతరు సార్? ఆదివారం బ్యానర్ల పని ఉండదు."

కరుణాకర్ అతనికి సంగతి చెప్పాడు. వందేళ్ల కిందట ఫ్రాన్సులో కొందరు ఇలాగే ఆరుబయట కూర్చుని, ఆకులు గీయకుండా చెట్లు వేశారనీ, దాన్ని ఇంప్రెషనిజం అంటారనీ, జనం వాళ్లను చూసి నవ్వారనీ చెప్పాడు. బాలప్ప శ్రద్ధగా విని ఒకే ప్రశ్న అడిగాడు.

"వాళ్లు గూడ బ్యానర్లు రాసినోళ్లేనా?"

కాదని తెలిసి కొంచెం నిరాశపడ్డాడు.

ఆ ఏడాదే బాగ్ లింగంపల్లిలో ఒక హాలు మాట్లాడి కరుణాకర్ మూడు రోజుల ప్రదర్శన పెట్టించాడు. వచ్చినవాళ్లంతా చదువుకున్నవాళ్లు, బొమ్మను మూరెడు దూరం నుంచి చూడడం అలవాటైనవాళ్లు. ముక్కు ఆనించి చూశారు, పక్కనున్న చీటీ చదివారు, "బాగుంది, ఇంకా శ్రమించాలి" అని పుస్తకంలో రాసిపోయారు. రెండో రోజు పొద్దున బాలప్ప సుద్దముక్కతో నేల మీద గోడకు నలభై అడుగుల దూరంలో గీత గీసి, "సార్, ఈడ నిలబడుండ్రి" అని ఒక్కొక్కరినీ బతిమాలాడు. పెద్దమనుషులు గీతల మీద నిలబడరు. మధ్యాహ్నానికి వాచ్‌మన్ గీతను తుడిచేశాడు. మూడో రోజు బాలప్ప మళ్లీ గీశాడు.

ఆ మూడో రోజే జగన్నాథరావు వచ్చాడు, బొమ్మల కోసం కాదు. పక్క గదిలో కవిసమ్మేళనం నుంచి గాలి కోసం తప్పించుకొచ్చిన మనిషి. ఆ హాల్లో సరిగ్గా తిరిగే ఫ్యాను ఒక్కటే. సుద్దగీత దాని కిందే ఉంది. జగన్నాథరావు ఫ్యాను కింద నిలబడి, చొక్కా గుండీ విప్పుకొని, తలెత్తాడు. ఎదురుగా వాన వెలిసిన తెల్లవారి గుండ్లు, వాటి వెనక జొన్నచేను. చాలాసేపు నిలబడ్డాడు. పోతూ పోతూ బాలప్ప భుజం తట్టి, "నేనొక హోటల్ పెట్టేది ఉంది. పెట్టినప్పుడు నీతోటి గిట్లాంటిదే పెద్దది రాయిస్త," అన్నాడు.

రెండేళ్లకు నిజంగానే కబురు చేశాడు. ఇది జగన్నాథరావు ఖాతాలో వెయ్యవలసిన మంచి.

హోటలు పదహారడుగుల వెడల్పు, నలభై అడుగుల లోతు. బొమ్మ లోపలి గోడకు, అంటే గుమ్మం పక్క గల్లాపెట్టె దగ్గర నిలబడితే ఎదురుగా కనిపించే గోడకు. బాలప్ప ఖాళీ హాల్లో ఆ గోడకు వీపు ఆనించి, అక్కడి నుంచి అడుగులు లెక్కపెడుతూ గుమ్మం దాకా నడిచాడు.

"ఏం కొలుస్తున్నవ్? గోడ వెడల్పు నేను చెప్పిన కద," అన్నాడు జగన్నాథరావు.

"గోడ కాదు సార్. చూసెటోళ్లను. ఎవరు యాడ కూసుంటరు?"

"యాడైనా కూసుంటరు. తినేటోడు ఇడ్లి చూస్తడా, గోడ చూస్తడా?"

"గుమ్మంల కాలు పెట్టంగనే చూస్తడు సార్. నలభై అడుగులు."

నలభై అడుగులకు రాశాడు. నెలన్నర పట్టింది. సొంత ఊరి చేను. చింతచెట్టు, దాని పక్కన జంట గుండ్లు, మొదటి వాన పడ్డ తెల్లవారి ఎండ. ఆదివారాల్లో తెచ్చుకున్న చిన్న బొమ్మలు ఎదురుగా దండెం మీద వేసుకుని, షెడ్డు ఆ చివర నుంచి ఈ చివరకు రోజుకు వందసార్లు నడిచాడు. ఒక మచ్చ పెట్టడం, నలభై అడుగులు వెనక్కి పోయి చూడడం, మళ్లీ రావడం. "మక్తల్‌కు నడిచిపోయినా ఈపాటికి ముట్టెటోనివి," అనేది కిష్టమ్మ, మిషను ఆపకుండా.

ఇక్కడ వాస్తు ప్రవేశించింది. ఆ రోజుల్లో హైదరాబాదులో మేస్త్రీ కన్నా ముందు వాస్తు చూసే మనిషి వచ్చేవాడు. వచ్చిన సిద్ధాంతి వంటింటి తలుపు లోపలి గోడకు నడుమన ఉండాలన్నాడు. గోడ పగలగొట్టారు. బొమ్మ చోటును దక్షిణం గోడకు, అంటే పొడవాటి పక్క గోడకు మార్చారు. ఎవరూ బాలప్పకు చెప్పలేదు. చెప్పవలసిన విషయమని ఎవరికి తోస్తుంది? గోడ గోడే కదా. బొమ్మను తెచ్చి, ఈ గోడకు బిగించమంటే బాలప్ప బిగించాడు. బిగించి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. పద్నాలుగు అడుగులకే వీపు ఎదురు గోడకు తగిలింది.

"ఇది ఎప్పుడు పూర్తయితది?" అని జగన్నాథరావు అడిగింది అప్పుడే.

మామూలుగా అయితే బాలప్ప రెండు నెలలు ఆగేవాడు, వాదించేవాడు, చాయ్‌లు తాగేవాడు. ఆ ఆగస్టులో ఆగడానికి వీల్లేదు. చిక్కడపల్లి షెడ్డు జాగాను దాని ఓనరు అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లకు అమ్మేశాడు. నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. నలభై అడుగులు వెనక్కి నడవగలిగిన జాగా చుట్టుపక్కల ఇంకొకటే ఉంది: అశోక్‌నగర్ నాలా పక్కన పోచయ్య అనే పాలవ్యాపారి కట్టి వదిలేసిన బర్రెల కొట్టం. పోచయ్య నాలుగు వేలు అడ్వాన్సు అడిగాడు. సరిగ్గా నాలుగు వేలు. ఆ కొట్టం దొరక్కపోతే బాలప్పకు మిగిలేది బాగ్ లింగంపల్లి వెనక బస్తీలో తాముంటున్న పదడుగుల గది. పదడుగుల గదిలో నంబర్ ప్లేట్లు రాయవచ్చు. బ్యానరు రాయలేడు. ఆదివారం తెచ్చిన బొమ్మ అయిందో కాలేదో కూడా తెలుసుకోలేడు.

ఈ లెక్క కిష్టమ్మకు అందరికన్నా బాగా తెలుసు.

"నాలుగాకులు రాస్తే నీ సొమ్మేం పోతది?" అన్నది.

"చెట్టు పోతది."

"చెట్టు ఊర్ల ఉన్నది, యాడికి పోదు. కొట్టం పోతది. ముప్పై ఏండ్ల నుంచి హీరోలకు మీసాలు పెట్టమంటే పెడ్తివి, తియ్యమంటే తీస్తివి. గప్పుడు రాని రోషం ఈ రావు సారు కాడ ఎందుకొచ్చె?"

మంచి ప్రశ్నే. మీసాలు వేరు, ఆకులు వేరని బాలప్పకు అనిపించింది. బ్యానరు ఎవడో చెప్పినట్టు రాసేది. పోతుంది. ఈ ఒక్క బొమ్మ, పోకుండా గోడ మీద ఉండబోయే మొదటి బొమ్మ. దానికి పైసలిస్తానని ఒక మనిషి తనంతట తాను అడిగి రాయించుకున్న మొదటి బొమ్మ కూడా అదే. వారం రోజులు ఊగిసలాడాడు. హోటలు తెరిచారు. మూడు సార్లు పోయాడు, మూడు సార్లూ జగన్నాథరావు గల్లాపెట్టె దగ్గర్నుంచే, "బ్రష్షు తెచ్చినవా?" అని అడిగాడు. నాలుగోసారి తెచ్చాడు.

ఆగస్టు ముప్పై, మధ్యాహ్నం మూడు. హోటల్లో జనం పల్చబడే వేళ. కిష్టమ్మ కూడా వెంట వచ్చింది. వచ్చింది సాయానికి కాదు. మధ్యలో మనసు మార్చుకుంటాడేమోనని కాపలాకు. బాలప్ప స్టూలు ఎక్కాడు. నంబర్ ప్లేట్లు రాసే సన్న బ్రష్షు. కిష్టమ్మ రంగు డబ్బా, కిరసనాయిలు గుడ్డ ఒళ్లో పెట్టుకుని, బొమ్మ కిందే గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుంది.

మొదటి ఆకు పెట్టాడు. రెండోది. మూడోది.

"ఆఁ, ఇట్ల!" అన్నాడు జగన్నాథరావు, మధ్య బల్ల దగ్గర నిలబడి. "ఇప్పుడు చింతచెట్టు లెక్క అవుపిస్తుంది. ఇగ కొట్టు."

ఎదురు గోడకు, అంటే ఉత్తరం గోడకు, హోటలు తెరిచే ముందు రోజు అద్దాలు బిగించారు. నాలుగు పెద్ద అద్దాలు, పక్కపక్కన. అదీ సిద్ధాంతి చెప్పిందే. ఉత్తరాన అద్దం ఉంటే వ్యాపారం రెండింతలవుతుందట. బొమ్మకు వీపు పెట్టి కూర్చున్న కిష్టమ్మకు చూడడానికి ఇంకేమీ లేదు, అద్దంలోకి చూసింది. తనున్న చోటి నుంచి అద్దం దాకా ఒక దూరం, అద్దం లోపల మళ్లీ అంత దూరం. ఆ లోతున ఎక్కడో చిన్నగా స్టూలు మీద తన మొగుడి వీపు. వీపు పక్కన వాళ్ల ఊరు.

ఆమె ముప్పై ఏళ్లు ఆ గుడ్డలు కుట్టింది. కుట్టు తిన్నగా ఉందా లేదా చూడడమే తప్ప బొమ్మ కోసం ఎప్పుడూ వెనక్కి నడిచి చూడలేదు. అంత తీరిక ఎక్కడిది?

"జర ఆగు," అన్నది.

"ఏంది?"

"ఆగుమంటున్న గద. వెనక్కి మల్లి చూడు, అద్దంల. చెట్టు మీద ఈగలు వాలినట్టున్నయి."

బాలప్ప స్టూలు మీదే తల తిప్పాడు. ఎండ పడ్డ గుండ్లు, తడి ఆరని చేను, నిండా ఆకులతో బరువుగా చింతచెట్టు. ఆ చెట్టు మీద మూడు ఈగలు. దిగి వచ్చి ఆమె పక్కన కూర్చుని చూశాడు. నలభై అడుగులు కాదు, ముప్పై ఉంటుంది. సరిపోయింది. మళ్లీ స్టూలెక్కి, కిరసనాయిలు గుడ్డ అందుకుని, మూడాకులూ తుడిచేశాడు.

"ఏయ్! ఏం చేస్తున్నవ్?" జగన్నాథరావు గట్టిగానే అరిచాడు.

"సారూ, ఇటొచ్చి ఈ కుర్చీల కూసోండ్రి," అన్నది కిష్టమ్మ, లేచి.

"నా హోటల్ల నన్ను కూసోమంటున్నవా?"

"కూసోండ్రి. కూసుంటే పైసలు పోవు."

జగన్నాథరావు కూర్చున్నాడు. కోపంగానే కూర్చున్నాడు. కళ్లద్దాలు సర్దుకుని అద్దంలోకి చూశాడు. మొహం మీదికి రెండేళ్ల కిందట ఫ్యాను కింద వచ్చిన చూపే వచ్చింది. ఒప్పుకోవడం మాత్రం ఆయనకు అలవాటు లేని పని.

"అద్దంల ఉల్టా అవుపిస్తది కద," అన్నాడు చివరికి.

"చెట్టుకు ఉల్టా సీదా ఏముంటది సార్?" అన్నాడు బాలప్ప.

చివరి బల్ల దగ్గర ఒక కుర్రాడు చాయ్ తాగుతున్నాడు. రాఘవేందర్ అని, ఎదురు హాస్టల్లో ఉండి గ్రూప్స్ పరీక్షలకు చదువుకునేవాడు. వీళ్ల గొడవ విని లేచొచ్చి, జగన్నాథరావు పక్క కుర్చీలో కూలబడి అద్దంలోకి చూశాడు.

"సార్, ఇది మా మక్తల్ దిక్కు గద!"

"నీకెట్ల ఎరుక?" అన్నాడు జగన్నాథరావు అనుమానంగా.

"మా దిక్కే గుండ్లు గిట్ల గులాబి కొడ్తయి. వాన పడ్డ తెల్లారి."

ఆ గులాబి ఒక ప్రేమ సినిమా హీరోయిన్ చెంపల్లో మిగిలిందని బాలప్ప చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ కనబడలేదు.

ఇలాంటి చోట జగన్నాథరావు కళ్లు చెమర్చి, బాలప్ప చేతులు పట్టుకుని, మొత్తం సొమ్ము లెక్కపెట్టి ఇస్తే బాగుంటుందని అనుకునేవాళ్లు ఉంటారు. జగన్నాథరావు వ్యాపారం పెట్టిన మనిషి. లేచి, పంచె దులుపుకుని గల్లాపెట్టె దగ్గరికి నడిచాడు.

"అద్దాలకు నాకెంతైందో ఎరికేనా? మూడు వేలు. సగం పని అద్దమే చేస్తుంటే పైసలన్ని నీకెట్ల ఇస్త?"

ఆ వాదనలో బాలప్పకు కొంత న్యాయం కూడా కనబడింది. చూసేవాడి కన్ను సగం పని చేస్తుందని నమ్మిన మనిషి కదా.

"బొమ్మ తీసేసి చూడుండ్రి సారూ ఆ అద్దంల," అన్నది కిష్టమ్మ. "ఏం అవుపిస్తదో. మీ మొఖమే."

రాఘవేందర్ చాయ్ గుటక పొలమారి దగ్గాడు. జగన్నాథరావుకు కూడా నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. గల్లాపెట్టె తెరిచి ఇరవై అయిదు వందలు లెక్కపెట్టాడు. మిగిలిన పదిహేను వందలు ఉగాదికి ఇస్తానన్నాడు. కిష్టమ్మ నోట్లు మళ్లీ లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది.

ఆ సాయంత్రమే ఇద్దరూ పోచయ్య దగ్గరికి పోయారు. నాలుగు వేలు అన్న మనిషి ముందు ఇరవై అయిదు వందలు పెట్టేసరికి పోచయ్య మొహం చిట్లించాడు.

"మిగతాది?"

"నీ పాల సెంటర్‌కు బోర్డు రాస్త. బర్రె బొమ్మతోటి."

"బర్రెకు అన్ని కాళ్లు ఉంటయా? ఆ రావు సాబ్ హోటల్ల చెట్టుకు ఆకులు లెవ్వట."

"నాలుగు ఉంటయి. కొమ్ములు గూడ రాస్త."

అలా కొట్టం దొరికింది. దానిలో పేడ వాసన పోవడానికి ఒక వానాకాలం పట్టింది. బాలప్ప నేల మీద సుద్దతో నలభై అడుగుల గీత గీసుకున్నాడు. ఇక్కడ తుడిచేవాళ్లు ఎవరూ లేరు. పోచయ్య బోర్డులో బర్రెకు నాలుగు కాళ్లూ, రెండు కొమ్ములూ, ఒక్కొక్క వెంట్రుకతో సహా తోకా ఉన్నాయి. చెయ్యలేక కాదని ఆ బోర్డు చూసినవాళ్లకు తెలుస్తుంది.

జగన్నాథరావు హోటల్లో కొన్నాళ్లకు ఒక వింత అలవాటు ఏర్పడింది. దక్షిణం గోడకున్న కుర్చీలు ముందు నిండేవి. ఎదురు హాస్టళ్ల పిల్లలు, ముఖ్యంగా పాలమూరు నుంచి వచ్చినవాళ్లు, బొమ్మకు వీపు పెట్టి వరసగా కూర్చునేవాళ్లు. కొత్తవాడు ఎవడైనా బొమ్మ దగ్గరికి పోయి కళ్లు చిట్లిస్తే, "అటు కాదు భై, ఇటు తిరుగు" అని కాలరు పట్టుకుని తిప్పేవాళ్లు. గ్రూప్స్ రాసి ఉద్యోగం రానివాడు ఒకడు ఊరికి పోయే ముందు రోజు ఆ కుర్చీలో మూడు చాయ్‌లు తాగి పోయాడని చెప్తారు. ఉద్యోగం వచ్చినవాళ్లు కూడా తాగే ఉంటారు. వాళ్ల గురించి ఎవరూ చెప్పరు.

1998 నుంచి కంప్యూటర్‌లో అచ్చేసిన ప్లాస్టిక్ బ్యానర్లు రావడం మొదలైంది. అందులో హీరోయిన్ చెంప దగ్గరి నుంచి చూసినా చెంపే. బాలప్ప ఒకటి చూడడానికి నారాయణగూడ దాకా పోయి, దాని ముందు నిలబడి, అలవాటుగా రోడ్డు దాటి అవతలి నుంచి కూడా చూసి వచ్చాడు. "రెండు దిక్కుల ఒక్కటే ఉన్నది," అన్నాడు కిష్టమ్మతో. అది మెచ్చుకోలో, ఫిర్యాదో ఆమెకు అర్థం కాలేదు. ఏడాది తిరిగేసరికి హాళ్ల పని సగానికి సగం పడిపోయింది. బతుకుతెరువుకు కోచింగ్ సెంటర్ల గోడలు దొరికాయి: గ్రూప్-2, ఎస్సై, బ్యాంకు పరీక్షలు. అక్షరాలు మాత్రమే. ఆ గోడల నుంచి రంగులు కూడా ఎక్కువ మిగలవు, నీలం, ఎరుపు, అంతే. అప్పటి నుంచి ఆదివారం గుండ్లు నీలంగా, ఎర్రగా ఉన్నాయి. ఎండ మటుకు మారలేదు. కొట్టంలో ఇప్పుడు నూట అరవై దాకా బొమ్మలున్నాయి. వాటిలో కనిపించే రాళ్లలో ఏడు ఇప్పుడు బొమ్మల్లోనే మిగిలాయి. అసలువి పేల్చేసి ప్లాట్లు చేశారు.

1999 శీతాకాలంలో కరుణాకర్ ఇంకో ప్రదర్శన పెట్టించాడు. ఈసారి హాలు మాట్లాడే ముందు బాలప్పను వెంట తీసుకుపోయాడు. బాలప్ప గోడల్ని చూడలేదు. వీపు ఆనించి నడిచాడు, నలభై రెండు అడుగులొచ్చింది, సరేనన్నాడు. నాలుగు బొమ్మలు అమ్ముడుపోయాయి. ఒకటి రాఘవేందర్ కొన్నాడు, మూడు నెలల వాయిదాల మీద. అతనికి అప్పటికి మండలాఫీసులో ఉద్యోగం వచ్చింది. వాయిదాలు తప్పకుండా కట్టాడు.

జగన్నాథరావు కూడా వచ్చాడు. గీత మీద నిలబడే చూశాడు. బాలప్పను చూసి, "మన హోటల్ బొమ్మ ఎప్పుడు పూర్తి చేస్తవ్?" అన్నాడు.

"అయింది సార్," అన్నాడు బాలప్ప.

హోటల్లో బాలప్ప చాయ్‌కి ఎవరూ బిల్లు అడగరు. ఉగాదికి ఇస్తానన్న పదిహేను వందలు, మూడు ఉగాదులు గడిచాయి, జగన్నాథరావు ఇంకా ఇవ్వలేదు.